కడుపుతో వున్నప్పుడు ఇంట్లో పిల్లి వుండొచ్చా?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఆవకాయ బూజు పట్టిందనీ, పట్టుచీర మీద నూనె మరక పడిందనీ ఎన్నో ఉత్తరాలు వస్తూంటాయి. వాటికి జవాబు రాయడం ఎంతసేపు! ఇది మాత్రం అలాంటిది కాదు. పేరూ, ఊరూ వెయ్యవద్దని కోరిన ఆ సోదరి ఇలా రాసింది:

"అక్కయ్యగారూ, నాకు పెళ్ళయి మూడేళ్ళు. నిరుడు మూడో నెలలో గర్భం పోయింది. ఇప్పుడు మళ్ళీ మూడో నెల. మా ఇంట్లో బుజ్జి అని ఒక పిల్లి వుంది. రెండేళ్ళ క్రితం వానలో తడిసి మా గేటు దగ్గర పడివుంటే తెచ్చి పెంచుకున్నాను. మొన్న డాక్టరుగారు టార్చ్ టెస్టు చేయించమన్నారు. రిపోర్టులో టాక్సోప్లాస్మా ఐజిజి పాజిటివ్, ఐజిఎం నెగెటివ్ అని వుంది. మళ్ళీ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళడానికి ఇంకా పది రోజులుంది. ఈలోగా మా తోటికోడలు, అది పిల్లుల వల్ల వచ్చే జబ్బని చెప్పింది. అప్పట్నుంచీ మా అత్తగారు, పిల్లి వెంట్రుక కడుపులోకి పోయే నిరుడు గర్భం నిలవలేదని అంటున్నారు. మావారు బుజ్జిని గోనెసంచిలో వేసి ఊరవతల వదిలేసి వస్తానంటున్నారు. నా బిడ్డకంటే పిల్లి ఎక్కువని నేను అనడం లేదు. కానీ దాని తప్పేమిటో తెలియకుండా వదిలెయ్యడానికి మనసు ఒప్పటం లేదు. నిరుడు పోయిన బిడ్డ నా వల్లే పోయిందా అక్కయ్యగారూ?"

చివరి ప్రశ్న దగ్గర అక్షరాలు చెరిగిపోయి వున్నాయి. నీళ్ళు పడ్డట్టున్నాయి.

చెల్లెమ్మా, ముందు జవాబు చెప్పేస్తాను, వివరాలు తరవాత. నువ్వు రాసిన రిపోర్టు నిజానికి భయపడాల్సిన రిపోర్టులా లేదు. బుజ్జిని గోనెసంచిలో వెయ్యాల్సిన పనీ లేదు. అయితే ఇంట్లో మార్చుకోవాల్సిన అలవాట్లు కొన్ని వున్నాయి. వాటిలో సగం పిల్లికి సంబంధించినవి కావు, వంటింటికి సంబంధించినవి! నేను డాక్టర్ని కాను కనుక ఈ మాటలు ధైర్యం కోసం, జాగ్రత్త కోసం మాత్రమే. పది రోజులు ఆగకుండా రేపే రిపోర్టు పట్టుకుని మీ డాక్టరమ్మగారి దగ్గరికి వెళ్ళు.

ఇక మిగతా సోదరీమణులు కూడా వినండి. పిల్లిని పెంచేవాళ్ళే కాదు, పెంచనివాళ్ళు కూడా తెలుసుకోవాల్సిన సంగతులివి.

ఏమిటీ టాక్సోప్లాస్మా?

ఇది కంటికి కనిపించనంత చిన్న పరాన్నజీవి. అంటే ఇంకో ప్రాణి ఒంట్లో చేరి, దాన్ని ఆసరా చేసుకుని బతికేదన్నమాట. 1908లో ట్యునీషియాలో గుండి అనే ఎలుకజాతి జంతువులో దీన్ని మొదట చూశారు. విల్లులా వంపు తిరిగి వుంటుందని, విల్లు అనే అర్థం వచ్చే గ్రీకు మాటతో ఆ పేరు పెట్టారు. అయితే ఇది మనుషుల దాకా ఎలా చేరుతుందో చాలా ఏళ్ళు పూర్తిగా అంతుబట్టలేదు. 1970 ప్రాంతంలో శాస్త్రజ్ఞులు ఆ గుట్టు విప్పారు. ఈ క్రిమి గుడ్లలాంటి వాటిని తయారుచేసేది పిల్లి పేగుల్లోనే అని తేలింది. ఆ పరిశోధన చేసినవాళ్ళలో మన దేశంలో పుట్టిన డాక్టర్ జె.పి. దూబే కూడా ఒకరు.

మేక, గొర్రె, పంది, కోడి, మనిషి - ఎవరి ఒంట్లోకయినా ఇది చేరగలదు. కండలోనో, మెదడులోనో చిన్న తిత్తిలా ముడుచుకుని వుండిపోగలదు. కానీ గుడ్లు పెట్టి మలంతో బయటికి పంపేది పిల్లిజాతి ఒక్కటే. అందుకే ఎక్కడ ఈ జబ్బు మాట వచ్చినా పిల్లి పేరు వస్తుంది. పేరు రావడం న్యాయమే. ఎంతవరకు అన్నదే మనం చూడాలి.

ఇంకో చిత్రం కూడా వినండి. ఈ క్రిమి సోకిన ఎలుకలకి పిల్లి వాసనంటే భయం తగ్గిపోతుందట! అవి తేలిగ్గా పిల్లి నోట పడితే క్రిమి మళ్ళీ పిల్లి పేగుల్లోకి చేరుతుంది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటాం కదా. ఇక్కడ చెలగాటం ఆడేది పిల్లి కూడా కాదన్నమాట!

పిల్లి నుంచి ఎప్పుడు వస్తుంది?

పిల్లి ఎలుకనో, పిట్టనో, పచ్చి మాంసాన్నో తిన్నప్పుడు దానికి ఈ క్రిమి సోకుతుంది. మొదటిసారి సోకిన తరవాత ఒకటి నుంచి మూడు వారాల పాటు దాని మలంలో లక్షల సంఖ్యలో గుడ్లు పడతాయి. ఆ తరవాత ఆగిపోతాయి. మామూలుగా ఒక పిల్లి జీవితంలో ఇది ఒక్కసారే జరుగుతుంది. ఎక్కువగా వేట మొదలుపెట్టిన పిల్లపిల్లుల్లో జరుగుతుంది. గడప దాటకుండా, ఉడికించిన తిండి తినే పిల్లికి ఇది సోకే అవకాశం బహు తక్కువ.

అసలు కిటుకు ఇంకోటి వుంది. తాజా మలంలో వున్న గుడ్లు వెంటనే అంటుకోవు. బయట గాలి తగిలి అవి పక్వానికి రావడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. అంటే పిల్లి మలాన్ని ఏ రోజుకారోజు తీసేసే ఇంట్లో, గుడ్లు పండకముందే చెత్తబుట్టలోకి పోతున్నాయన్నమాట. వారం రోజులు మూల పడివున్న ఇసుక డబ్బా, పెరట్లో పూడ్చిపెట్టి మరిచిపోయిన మలం - ప్రమాదమంతా వాటితోనే. తడి మట్టిలో ఈ గుడ్లు నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా కూడా చెక్కుచెదరకుండా వుంటాయి.

మరి పిల్లిని ఒళ్ళో కూచోబెట్టుకుంటే? నిమిరితే? దాని వెంట్రుక నోట్లోకి పోతే? అలా వచ్చే జబ్బు కాదిది. పిల్లి రోజంతా నాకి నాకి ఒళ్ళు శుభ్రం చేసుకుంటుంది. గుడ్లు దాని బొచ్చు మీద అన్ని రోజులు నిలిచి పండడం దాదాపు జరగదు. పిల్లి వెంట్రుక వల్ల గర్భం పోతుందన్న మాటలో నిజం లేదు.

మరి ఎక్కువమందికి ఎలా వస్తోంది?

ఇక్కడే మన ఆడవాళ్ళు కొంచెం చెవి పెట్టి వినాలి. యూరప్‌లో ఆరు నగరాల్లో గర్భిణీ స్త్రీల మీద ఒక పెద్ద పరిశీలన చేసి 2000లో ప్రచురించారు. గర్భంతో వున్నప్పుడు ఈ క్రిమి సోకినవాళ్ళకి అది ఎలా వచ్చిందో ఆరా తీశారు. ఊరినిబట్టి నూటికి 30 నుంచి 63 మందికి సరిగ్గా ఉడకని మాంసం వల్ల వచ్చిందని తేలింది. మట్టిలో పని చెయ్యడం వల్ల నూటికి 6 నుంచి 17 మందికి వచ్చింది. ఇంట్లో పిల్లి వుండడం మాత్రం కారణంగా తేలలేదు!

యూరప్‌వాళ్ళు మాంసం సగం పచ్చిగా తింటారు, మనం కుక్కర్లో అయిదు విజిల్స్ వచ్చేదాకా ఉడికిస్తాం కదా అంటారేమో. నిజమే. బాగా ఉడికిన కూరలో ఈ క్రిమి బతకదు. కానీ ఖైమా ముద్దకి ఉప్పూ కారం సరిపోయాయో లేదో చూడ్డానికి పచ్చిదే నాలిక మీద వేసుకునేవాళ్ళు ఎందరు లేరు? మటన్ కోసిన పీట మీదే, పైపైన తుడిచేసి, పెరుగుపచ్చడికి ఉల్లిపాయ తరగడం మనకి తెలియనిదా? కోడిమాంసం కడిగిన చేత్తోనే కొత్తిమీర తుంచి పైన చల్లుతాం. పైన మాడి లోపల ఎర్రగా వున్న కబాబులు ఫంక్షన్లలో తింటాం. ఉడికిన కూర వల్ల కాదు, ఉడక్కముందు చేసే పనుల వల్ల వస్తుంది ముప్పు.

"మేం గుడ్డు కూడా ముట్టం, మాకేం భయం?" అని శాకాహారులు అనుకోవడానికి లేదు. మట్టి అంటిన ఆకుకూరలు, కొత్తిమీర, పుదీనా, కీరా, క్యారెట్టు - వీటిని పచ్చిగా తిన్నప్పుడు సరిగా కడగకపోతే ఆ మట్టితో పాటు గుడ్లూ లోపలికి పోవచ్చు. ఉప్పునీళ్ళూ, పొటాషియం పర్మాంగనేటు నీళ్ళూ వీటి మీద నమ్మదగ్గ మందులు కావు. ఈ గుడ్ల పెంకు బ్లీచింగుకే లొంగదు. చంపడం కన్నా కడిగి వదిలించుకోవడమే సులువు. మూడు నాలుగు నీళ్ళు మార్చి, ఆఖర్న కుళాయి ధార కింద వేళ్ళతో రుద్ది కడగండి.

నీళ్ళ మాట కూడా చెప్పాలి. 2004-2005లో కోయంబత్తూరులో 248 మందికి ఈ క్రిమి వల్ల కంటిజబ్బు వచ్చింది. ఊరికి సరఫరా అయ్యే నీళ్ళలో అది కలిసి వుంటుందని అక్కడి కంటిడాక్టర్లు అనుమానించారు. నీళ్ళ ద్వారా వచ్చేటప్పుడు మనం పిల్లిని పెంచామా లేదా అన్న లెక్క వుండదు. అందుకే సంపుకీ, డాబా మీది ట్యాంకుకీ మూత సరిగ్గా వుందో లేదో ఓసారి చూసుకోండి. కడుపుతో వున్నవాళ్ళు నీళ్ళు కాచి చల్లార్చి తాగడం మంచిది.

రిపోర్టులో "పాజిటివ్" అంటే?

ఇప్పుడు మన చెల్లెమ్మ రిపోర్టు దగ్గరికి వద్దాం. ప్రపంచంలో దాదాపు మూడో వంతు మందికి ఈ క్రిమి ఎప్పుడో ఒకప్పుడు సోకివుంటుందని అంచనా. ఆరోగ్యంగా వున్నవాళ్ళలో చాలామందికి సోకినట్టే తెలియదు. కొందరికి నాలుగు రోజులు జ్వరం, ఒళ్ళు నొప్పులు, మెడ దగ్గర బిళ్ళలు కట్టడం లాంటివి వచ్చి పోతాయి. ఆ తరవాత ఒంట్లో రక్షణశక్తి ఏర్పడుతుంది. అది కాపలా కాస్తూ వుంటుంది.

రక్తపరీక్షలో ఐజిజి అనేది ఆ కాపలావాడి లాంటిది. అది పాజిటివ్ అంటే ఎప్పుడో ఒకప్పుడు సోకిందని అర్థం. ఐజిఎం అనేది కొత్తగా సోకినప్పుడు ముందు పరిగెత్తుకొచ్చేది. మూడో నెలలో చేసిన పరీక్షలో ఐజిజి పాజిటివ్, ఐజిఎం నెగెటివ్ అని వస్తే, ఇది గర్భం రాకముందు సోకిన పాత సంగతి అని సాధారణంగా డాక్టర్లు అనుకుంటారు. అంటే ఈ జబ్బు విషయంలో ఆ తల్లికి ముందే రక్షణ వుందన్నమాట! ఇంట్లో అందరూ గుండెలు బాదుకున్న ఆ "పాజిటివ్" నిజానికి ఊరట కలిగించే మాట.

అసలు జాగ్రత్త పడాల్సింది రెండూ నెగెటివ్ వచ్చినవాళ్ళు. వాళ్ళకి ఇంతవరకు సోకలేదు కనుక రక్షణ లేదు. గర్భంతో వున్నప్పుడు మొదటిసారి సోకితేనే బిడ్డకి చేరే ప్రమాదం వుంటుంది. తొలి నెలల్లో సోకితే బిడ్డకి చేరే అవకాశం తక్కువ, చేరితే మాత్రం హాని ఎక్కువ. గర్భం పోవచ్చు. బిడ్డ తలలో నీరు చేరవచ్చు, మెదడూ కళ్ళూ దెబ్బతినవచ్చు. ఆఖరి నెలల్లో అయితే బిడ్డకి చేరే అవకాశం ఎక్కువ, హాని తక్కువ. పుట్టినప్పుడు బాగానే వున్న బిడ్డకి కొన్నేళ్ళ తరవాత కంటిలో ఇబ్బంది బయటపడడమూ వుంది. కనుక ఇది కొట్టిపారేసే జబ్బు కాదు.

ఐజిఎం పాజిటివ్ వచ్చినా వెంటనే బెంబేలు పడకూడదు. అది ఒక్కోసారి నెలల తరబడి, ఏళ్ళ తరబడి కూడా ఒంట్లో మిగిలి వుంటుంది. అప్పుడు డాక్టర్లు ఎవిడిటీ అనే ఇంకో పరీక్ష చేయించి, సోకి ఎంతకాలమయిందో అంచనా వేస్తారు. కొత్తగా సోకిందని తేలితే గర్భిణీలకి ఇచ్చే మందులున్నాయి. ఒక్క కాగితం చూసి, ఇరుగమ్మ పొరుగమ్మ మాట విని, గర్భం తీయించుకోవాలన్న ఆలోచన పొరపాటున కూడా చెయ్యకండి.

నిరుడు పోయిన బిడ్డ సంగతి

చెల్లెమ్మా, నీ చివరి ప్రశ్నకి వస్తున్నాను. తొలి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగానికి కారణం, పిండం ఏర్పడేటప్పుడే క్రోమోజోముల లెక్కలో జరిగే పొరపాటు. అది ఎవరి చేతుల్లోనూ వుండదు. నువ్వు బరువు ఎత్తడం వల్లో, మెట్లు ఎక్కడం వల్లో, పిల్లిని ముద్దు చెయ్యడం వల్లో జరిగేది కాదు. ఆ గర్భంలోనే కొత్తగా టాక్సోప్లాస్మా సోకివుంటే అదీ ఒక కారణం కావచ్చు. కానీ ఇప్పటి రిపోర్టు చూసి నిరుడు జరిగినదానికి అదే కారణమని ఎవరూ చెప్పలేరు. ఒకసారి సోకి తగ్గినది, ఆరోగ్యంగా వున్న తల్లిలో, ప్రతి కాన్పుకీ గర్భాన్ని పోగొడుతుందన్న మాట కూడా సరికాదు.

మన ఇళ్ళల్లో గర్భం పోయినప్పుడు ఎవరో ఒకరి మీద నెపం వెయ్యకపోతే ఊరట వుండదు. కోడలి నడక మీదో, తిండి మీదో, గ్రహణం మీదో, చివరికి పిల్లి మీదో వేస్తాం. అత్తగారిది కోపం కాదు, భయం. మనవడో మనవరాలో చేతికి రావాలన్న ఆరాటం. ఆవిడకి ఈ పేజీ చదివి వినిపించు. అర్థం చేసుకుంటారు.

మరి పిల్లలకి వచ్చే పురుగుల మాటేమిటి?

టాక్సోప్లాస్మా ఒక్కటే కాదు, పిల్లుల నుంచి వచ్చే పురుగులు ఇంకా కొన్ని వున్నాయి. చిన్నపిల్లలున్న ఇళ్ళవాళ్ళు వీటిని తెలుసుకోవాలి.

పిల్లుల కడుపులో ఏలికపాముల జాతి పురుగులుంటాయి. వీటి గుడ్లు మలంతో మట్టిలో పడి, రెండు మూడు వారాలకి పక్వమవుతాయి. మట్టిలో ఆడి చేతులు కడుక్కోకుండా తినే పిల్లల కడుపులోకి పోతాయి. మనిషి వాటికి సొంతిల్లు కాదు కనుక పెద్ద పురుగులుగా ఎదగలేక, పిల్ల పురుగులు ఒళ్ళంతా తిరుగుతాయి. జ్వరం, దగ్గు, కాలేయం వాపు రావచ్చు. అరుదుగా కంట్లో చేరి చూపు తగ్గించవచ్చు.

కొంకిపురుగుల పిల్లలు ఇసుకలో వుండి, వట్టి కాళ్ళతో నడిచినప్పుడు చర్మంలోకి దూరతాయి. పాదం మీద ఎర్రటి గీత పాములా రోజురోజుకీ కాస్త కాస్త ముందుకు పాకుతూ విపరీతమైన దురద పెడుతుంది. అలా కనిపిస్తే ఆయింట్‌మెంట్లు రాస్తూ కూచోకుండా చర్మవ్యాధుల డాక్టరుకి చూపించండి. మందుతో తేలిగ్గా తగ్గిపోతుంది.

బద్దెపురుగు ఒకటుంది. పిల్లి తోక కింద దోసగింజల్లాంటి తెల్లటి ముక్కలు కనిపిస్తే అదేనని అనుమానించాలి. పిల్లి బొచ్చులో తిరుగుతూ ఎగిరే చిన్న పురుగులు, ఫ్లీలంటారే, వాటిని పొరపాటున మింగిన పసిపిల్లలకి ఇది వస్తుంది.

పిల్లలు రాత్రిపూట ముడ్డి దురదని ఏడిస్తే కొందరు తల్లులు పిల్లినే తిడుతూంటారు. ఆ నులిపురుగులు మనుషుల నుంచి మనుషులకే వస్తాయి. పిల్లికి వాటితో ఏ సంబంధమూ లేదు! అందరూ మందు వేసుకుని, గోళ్ళు కత్తిరించి, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతకాలి.

ఇల్లు కట్టేచోట వీధిలో పోసిన ఇసుక కుప్ప చూశారా? పగలు మన పిల్లలకి ఆటస్థలం, రాత్రి ఊళ్ళో పిల్లులన్నిటికీ మరుగుదొడ్డి! మీరు పిల్లిని పెంచినా, పెంచకపోయినా మీ పిల్లలకి అక్కడ్నుంచి రావచ్చు. కుప్ప మీద టార్పాలిన్ కప్పించండి. ఆడి వచ్చిన పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి.

ఇంట్లో ఏం చెయ్యాలి?

* పాత ప్లాస్టిక్ టబ్బులో న్యూస్‌పేపర్లు పరిచి, పైన ఇసుక పోసి పిల్లికి అలవాటు చెయ్యండి. రోజూ ఒకసారి చిన్న పారతో మలం తీసి, కాగితంలో చుట్టి, కవరులో కట్టి చెత్తలో వెయ్యండి. గులాబీ కుండీలో ఎరువుగా వెయ్యకండి.

* వారానికోసారి ఇసుక అంతా మార్చి, టబ్బులో సలసల కాగే నీళ్ళు పోసి, కాసేపు వుంచి కడిగి ఎండలో పెట్టండి. ఫినాయిలు వాడకండి. పిల్లులకి అది విషం.

* కడుపుతో వున్న ఆడవాళ్ళు ఈ పని ఇంట్లో ఇంకొకరికి అప్పజెప్పండి. తప్పనిసరయితే చేతికి తొడుగు వేసుకుని, తరవాత సబ్బుతో బాగా కడుక్కోండి. మొక్కల పనికీ, పెరట్లో మట్టి పనికీ ఇదే పద్ధతి.

* పిల్లికి కోడి పేగులూ, మటన్ ముక్కలూ పచ్చివి వెయ్యకండి. ఉడికించి చల్లార్చి, అన్నంలో కలిపి పెట్టండి. కడుపు నిండిన పిల్లి కూడా ఎలుకని వదలదు. కనుక కాన్పు అయ్యేదాకా దాన్ని గడప దాటనివ్వకుండా చూసుకుంటే మరీ మంచిది.

* కాన్పు అయ్యేవరకు కొత్తగా పిల్లపిల్లిని తెచ్చుకోకండి. వీధిపిల్లుల్ని ఎత్తుకోకండి.

* పిల్లలపిల్లులకి మూడో వారం నుంచే పురుగుల మందు మొదలుపెట్టాలి. పెద్దవాటికి మూడు నెలలకోసారి. ఎంత మోతాదో పశువుల డాక్టరుని అడగండి. కుక్కల ఫ్లీ మందు పిల్లికి పొయ్యకండి. వాటిలో కొన్నిటిలో వుండే పర్మెత్రిన్ పిల్లుల ప్రాణం తీస్తుంది.

* పచ్చి మాంసానికి వేరే పీట, వేరే కత్తి పెట్టుకోండి. ఉప్పు చూడ్డం ఉడికాకే.

ఇంకో మాట. ఒంట్లో రక్షణశక్తి తగ్గినవాళ్ళు, అంటే కాన్సరుకి మందులు వాడేవాళ్ళు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళు, హెచ్.ఐ.వి. వున్నవాళ్ళు కూడా గర్భిణీల్లాగే ఈ జాగ్రత్తలన్నీ పాటించాలి. వాళ్ళకి పాత క్రిమి కూడా మళ్ళీ నిద్రలేవగలదు.

పిల్లి గీరినా, కరిచినా మాత్రం ఈ పరాన్నజీవుల లెక్క వేరు, రేబిస్ లెక్క వేరు. అది వైరస్ జబ్బు, వచ్చాక మందు లేదు. పసుపూ, కారం, సున్నం పుయ్యకుండా గాయాన్ని కుళాయి ధార కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళి టీకా గురించి అడగండి. పిల్లికి మూడో నెల దాటగానే రేబిస్ టీకా వేయించి, డాక్టరు చెప్పిన ప్రకారం మళ్ళీ మళ్ళీ వేయిస్తూ వుండండి.

చివరిగా మళ్ళీ మన చెల్లెమ్మతో ఒక మాట. ఇంట్లో అన్నం తిని పెరిగిన పిల్లిని ఊరవతల వదిలేస్తే ఏమవుతుంది? బతికితే ఎలుకల్నీ, పిట్టల్నీ, కోళ్ళ అంగడి దగ్గర పడేసిన పచ్చి పేగుల్నీ తిని బతకాలి. అంటే ఇప్పటిదాకా ఆ క్రిమి సోకని పిల్లి అయితే, దానికి సోకే దారి మనమే చూపించినట్టు. దాని మలం ఇంకెవరో పసిబిడ్డ ఆడుకునే ఇసుకలో పడుతుంది. అది లేని మీ ఇంట్లోకి ఎలుకలు చేరతాయి. ఎవరికి లాభం చెప్పు?

అందుకని మీ ఆయన చేతిలో గోనెసంచి తీసుకుని, దాని బదులు ఇసుక తీసే చిన్న పార పెట్టు. రోజూ పొద్దున్నే అయిదు నిమిషాల పని. నీకు కాన్పయ్యేదాకా ఆ పని ఆయనదే. తండ్రి కాబోయేవాడు ఆ మాత్రం చెయ్యడా ఏం? ముక్కు మూసుకునైనా చేస్తాడు!

రేపే డాక్టరమ్మగారిని కలిసి రిపోర్టు చూపించు. ఆవిడ ఏం చెప్పారో తప్పకుండా రాయి. పండంటి బిడ్డని ఎత్తుకున్నాక ఇంకో ఉత్తరం రాయి. ఆ ఉత్తరం కోసం ఎదురుచూస్తూ వుంటాను.